దారిలోని గడపలు

నెల్లూరు నుండి పడమరగా సాగే ముంబయి రహదారి బుచ్చిరెడ్డిపాళెం, సంగం మీదుగా ఆత్మకూరు చేరుతుంది. అక్కడి నుండి వాయవ్య దిశగా మెట్ట సీమలోకి మళ్ళితే ఉదయగిరి కొండ కనిపిస్తుంది. మొత్తం ప్రయాణం సుమారు 100 కిలోమీటర్లు. వేసవి సెలవుల్లోనూ, రెండు పండుగల మరునాడూ పిల్లాపాపలతో ఈ దారిన సాగిపోయే ముస్లిం కుటుంబాలు ఎన్నో. కొందరు చెన్నై నుండీ బెంగళూరు నుండీ వస్తారు. గల్ఫ్ దేశాల నుండి సెలవు మీద వచ్చినవారు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని బయలుదేరుతారు. అందరి గమ్యమూ పెద్దవాళ్ళున్న ఇల్లే. ఆ ఇల్లు చేరేలోగా దారిలో ఉన్న తక్కిన గడపల గురించి నాలుగు మాటలు వ్రాయాలని ఈ ప్రయత్నం.

పూర్వం చాలామంది ఆత్మకూరు బస్టాండులో దిగి బస్సు మారేవారు. తదుపరి బస్సుకు గంటో రెండు గంటలో వ్యవధి ఉంటే పిల్లలను తీసుకుని ఊళ్ళో ఉన్న ఫూఫీ ఇంటికి వెళ్ళి సలాము చేసి, ఇంత టీ త్రాగి వచ్చేవారు. నిజం చెప్పాలంటే ఆ కలయికకు కారణం భక్తిశ్రద్ధలు కావు, బస్సు రాకపోవడమే. ఐనా సంబంధం నిలిచింది. నేడు చాలామందికి సొంత కారో బాడుగ కారో ఉంది. అది ఎక్కడా ఆగనవసరం లేదు. ఆగితే ఊరి బయట హోటలు ముందు ఆగుతుంది. ఫూఫీకి మాత్రం సంగతి తెలియకపోదు. సాయంత్రానికి మేనల్లుడి కొడుకు ఉదయగిరి కొండ ముందు నిలబడి తీసుకున్న ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో కనిపిస్తుంది. ఆ కొండకు వెళ్ళే దారి తన వీధి చివరి నుండే పోతుందని ఆమెకు తెలుసు. ఆమె ఎవరితోనూ ఏమీ అనదు. ఐతే మరుసటి పండుగకు ఫోను చేయదు. బంధుత్వాలు తెగేది ప్రతిసారీ ఆస్తి తగాదాలతోనే కాదు.

అన్-నిసా సూరా మొదటి ఆయత్‌లోనే అల్లాహ్ తనకు భయపడమని ఆదేశిస్తూ, ఆ వెంటనే బంధుత్వ సంబంధాల విషయంలో జాగ్రత్త వహించమని హెచ్చరించాడు. సిలా రహమీ, అనగా రక్త సంబంధాలను కలిపి ఉంచడం, మంచి అలవాటు మాత్రమే కాదు, విధి. ఎదుటివారు వచ్చినందుకు మనమూ వెళ్ళడం బదులు తీర్చుకోవడమే అవుతుందనీ, తెగిన బంధుత్వాన్ని కలిపేవాడే నిజంగా బంధుత్వం నెరవేర్చేవాడనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చారు. బుఖారీలోని ఈ హదీసును మన ఇళ్ళలో జరిగే లెక్కలతో పోల్చి చూడండి. "వాళ్ళు మన గృహప్రవేశానికి రాలేదు, మనం వాళ్ళ గడప ఎందుకు తొక్కాలి?" అనే మాట ఏ ఇంట వినబడదు? కొన్ని కుటుంబాల్లో పెళ్ళి పత్రిక ఇవ్వడానికి తప్ప ఆత్మకూరు బంధువుల గడప ఎవరూ ఎక్కరు. పత్రిక చేతికివ్వడం కూడా నిలబడే. ఇంకా పది ఇళ్ళు తిరగాలి కదా!

దారిలో ఉన్నవారంతా బంధువులే కానక్కరలేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) మక్కా ప్రయాణంలో ఉండగా జరిగిన ఒక సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఒంటె మీద కూర్చుని అలసినప్పుడు సేదదీరడానికి ఆయన ఒక గాడిదను వెంట ఉంచుకునేవారు. తలకు ఒక పాగా ఉండేది. దారిలో ఒక పల్లెవాసి ఎదురయ్యాడు. నీవు ఫలానా వారి కుమారుడివే కదా అని ఆరా తీసి, అవునని తెలుసుకోగానే ఆ గాడిదను అతనికి ఇచ్చి ఎక్కమన్నారు; పాగా తీసి తలకు చుట్టుకోమన్నారు. వెంట ఉన్నవారు ఆశ్చర్యపోయారు. మీ ప్రయాణానికి అవసరమైన వాటినే ఇచ్చేశారేమిటని అడిగారు. తండ్రి గతించిన తరువాత ఆయన ఆత్మీయులతో సంబంధం నిలుపుకోవడం మహోన్నతమైన సత్కార్యాల్లో ఒకటని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని ఆయన బదులిచ్చారు. ఆ పల్లెవాసి తండ్రి హజ్రత్ ఉమర్ (రజి) గారికి మిత్రుడు. అంతే. ఎన్ని సంవత్సరాల నాటి స్నేహమో, ఏ పాటి స్నేహమో ఆయన లెక్కించలేదు.

ఈ హదీసు చదివినప్పుడల్లా మన నాన్నగార్ల స్నేహితులు గుర్తుకు రావాలి. సంగంలోనో మర్రిపాడులోనో ఒక రైతు ఉంటాడు. మన నాన్నతో కలిసి బడికి వెళ్ళినవాడు, కష్టకాలంలో రెండు బస్తాల వడ్లు ఇంటికి పంపినవాడు. ఆయన హిందువు కావచ్చు. నాన్న జనాజా నాడు కబ్రస్తాన్ గోడ అవతల చివరిదాకా నిలబడినవాడు కావచ్చు. బహుదైవారాధకురాలైన తల్లి తన వద్దకు వచ్చినప్పుడు ఏం చేయాలని హజ్రత్ అస్మా (రజి) అడిగితే, ఆమెతో బంధుత్వం నెరవేర్చమనే దైవప్రవక్త (స) ఆదేశించారు. ఈ విషయంలో ధర్మం మన మనసులకన్నా విశాలమైనది. ఆయన ఇంటి ముందు పది నిమిషాలు కారు ఆపి, ఫలానా వారి అబ్బాయినని చెప్పుకుని, పిల్లలకు ఆయనను చూపించి వెళ్తే మనకు పోయేదేమీ లేదు. పిల్లలకు తమ తాతగారు ఎలాంటి మనిషో ఆ పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఇంతవరకూ ఆగమనే చెబుతున్నాను. ఎలా ఆగాలన్నది ఇంతకన్నా పెద్ద విషయం. ఎందుకంటే ఆగకపోవడం వల్ల ఎంతమంది నొచ్చుకుంటున్నారో, ఆగినవారి వల్ల అంతమంది అప్పుల పాలవుతున్నారు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే కుటుంబాలున్నాయి. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి వంటి కర్రతో చేసే ఈ పనితనానికి జీఐ ట్యాగు లభించింది. ఇందులో మన స్త్రీలు ఎందరో ఉన్నారు. చేసినన్ని చెంచాలకే కూలి. ఒక పగలు పొయ్యి దగ్గర గడిస్తే ఆ పగటి కూలి పోయినట్లే. అలాంటి ఇంటికి ఏడుగురు అతిథులు మధ్యాహ్నం పన్నెండున్నరకు చెప్పకుండా దిగితే ఏమవుతుంది? ఆ ఇల్లాలు ముఖం చిట్లించదు. వెనుక తలుపు నుండి అబ్బాయిని అంగడికి పంపుతుంది. కోడి, బాస్మతి బియ్యం, కూల్‌డ్రింకు సీసా అప్పు మీద వస్తాయి. బగారా అన్నం, దాల్చా, కోడికూర విస్తట్లో చేరతాయి. అతిథులు తృప్తిగా తిని, "మీ చేతి వంట మరెక్కడా దొరకదు" అని మెచ్చుకుని కారెక్కుతారు. ఆ అప్పు తీరడానికి ఆమె ఎన్ని చెంచాలు చెక్కాలో వారికి తెలియదు.

నీళ్ళ మాట కూడా చెప్పాలి. ఉదయగిరి పరిసర మెట్ట గ్రామాల్లో ఫ్లోరైడ్ బాధ పాతది. త్రాగే నీటిని క్యాన్లలో కొనుక్కునే ఇళ్ళు ఎన్నో. డెల్టా నుండీ నగరాల నుండీ వచ్చినవారికి ఈ సంగతి తట్టదు. పిల్లలు సగం గ్లాసు త్రాగి సగం పారబోస్తారు. పెద్దలు వుజూకు కుళాయి ధారగా వదిలేస్తారు. పారే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదని నేర్పిన ధర్మం మనది. వేసవిలో అటువైపు వెళ్ళేవారు రెండు నీళ్ళ క్యాన్లు కారులో వేసుకుని వెళ్ళి ఆ ఇంట దించితే, స్వీట్ల డబ్బాకన్నా ఎక్కువ ఉపయోగం.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఇంట జరిగిన ఒక సంఘటనను హాకిమ్ (రహ్మతుల్లాహి అలైహ్) తమ గ్రంథంలో ఉల్లేఖించారు. షఖీఖ్ అనే తాబయీ తన మిత్రునితో కలిసి ఆయన ఇంటికి వెళ్ళారు. సల్మాన్ (రజి) రొట్టె, ఉప్పు తెచ్చి ముందుంచారు. అతిథి కోసం శక్తికి మించి శ్రమపడడాన్ని దైవప్రవక్త (స) వారించి ఉండకపోతే మీకోసం అలాగే శ్రమపడేవాడినని చెప్పారు. షఖీఖ్ మిత్రుడు ఉప్పుతో పాటు కాస్త సువాసన గల ఆకు ఉంటే బాగుండునన్నాడు. సల్మాన్ (రజి) తమ వుజూ పాత్రను అంగడికి పంపి, కుదువపెట్టించి, ఆ ఆకు తెప్పించారు. భోజనం ముగించాక ఆ మిత్రుడు, ప్రసాదించిన దానితో తృప్తి చెందేలా చేసినందుకు అల్లాహ్‌ను స్తుతించాడు. అప్పుడు సల్మాన్ (రజి), ప్రసాదించిన దానితో నీవు తృప్తి చెంది ఉంటే నా పాత్ర తాకట్టులో ఉండేది కాదు కదా అన్నారు.

అతిథి మర్యాద గురించి మన ప్రసంగాల్లో ఎక్కువగా ఇంటివారికే బోధ చేస్తాము. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) అతిథులకు తెలియకుండా లోపలికి వెళ్ళి బలిసిన దూడను వండించి తెచ్చిన వృత్తాంతం చెబుతాము. అది సరియైనదే. ఐతే అతిథికీ హద్దులున్నాయన్నది అంతగా చెప్పము. ఒక పగలు, ఒక రాత్రి ప్రత్యేక సత్కారం. ఆతిథ్యం మూడు దినాలు. ఆ పైన పెట్టేది దానం. బుఖారీ, ముస్లింలలో ఉన్న ఈ హదీసు చాలామందికి తెలుసు. దాని తరువాతి భాగం కొందరికే తెలుసు. ఇంటివాణ్ణి పాపంలో పడవేసేంతగా అతని వద్ద మకాం వేయడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని అందులో ఉంది. పాపంలో పడవేయడమేమిటని సహచరులు అడిగారు. పెట్టడానికి ఇంట ఏమీ లేని మనిషి దగ్గర ఉండిపోవడమేనని వివరణ వచ్చింది. అప్పు చేయడం, లేనిది ఉన్నట్లు చెప్పడం, లోలోపల అతిథిని తిట్టుకోవడం, భార్యాభర్తలు వంటగదిలో గొంతు తగ్గించి పోట్లాడుకోవడం. పాపం ఇలాగే మొదలవుతుంది.

ఆత్మకూరులో కాపురమున్న వారి కష్టం మరొకటి. సమీపంలోని ఏ.ఎస్. పేటలో హజ్రత్ ఖ్వాజా రహ్మతుల్లాహ్ నాయబె రసూల్ (రహ్మతుల్లాహి అలైహ్) దర్గా ఉంది. దూర ప్రాంతాల నుండి అక్కడికి వచ్చే బంధువులు, బంధువుల బంధువులు ఆత్మకూరు ఇళ్ళను సత్రాలుగా ఎంచి దిగుతారు. దర్గాల విషయంలో ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఇంకొకరి ఇంటిని సత్రం చేయడం ఏ మస్లక్‌లోనూ లేదు. ఒక గది, ఒక వరండా ఉన్న ఇంట్లో పదిమంది పరాయి మగవారు దిగితే ఆ ఇంటి ఆడపిల్లలు పగలంతా వంటగదిలోనే నిలబడి గడపాలి. పరదా పాటించే ఇంటికి వెళ్ళినప్పుడు మగవారూ, కారు డ్రైవరూ మస్జిదులోనో బయటి అరుగు మీదనో కూర్చోవడం ఇంటివారు అడగకముందే మనం చేయవలసిన పని.

అన్-నూర్ సూరాలో ఇతరుల ఇళ్ళలోకి అనుమతి కోరి, సలాము చేసిన తరువాతే ప్రవేశించమనీ, తిరిగి వెళ్ళమంటే తిరిగి వెళ్ళమనీ ఆదేశం ఉంది. అదే మనకు పవిత్రమైనదని కూడా అల్లాహ్ చెప్పాడు. నేటి కాలంలో ఈ అనుమతి ముందురోజు ఫోనుతోనే మొదలు కావాలి. "రేపు దారిలో పది గంటలకు వస్తాము. అరగంట ఉంటాము. భోజనం మాత్రం వద్దు, అక్కడ నానీ వండి ఉంచుతుంది." ఇంతే మాట. రేపు వీలుపడదని ఫూఫీ చెబితే నొచ్చుకోకూడదు. అది ఆమెకు అల్లాహ్ ఇచ్చిన హక్కు. భోజనం వద్దని ఫోనులో చెప్పి, వెళ్ళాక పెడితే తినే మర్యాద మన దగ్గర ఉంది. దాన్ని మానుకోవాలి. వద్దంటే వద్దనే అర్థం కావాలి. లేదా వండిన టిఫిన్ క్యారియర్ మనమే తీసుకువెళ్ళి అందరం కలిసి తినాలి. పేదలకిచ్చే దానం ఒక పుణ్యమైతే, పేద బంధువుకు ఇచ్చేది దానమూ బంధుత్వమూ రెండూ అవుతాయని హదీసు. చిన్నపిల్లల చేతిలో పెట్టే నోటు ఆ ఇంటి గౌరవానికి భంగం కలగకుండా ఈ పని చేస్తుంది. మన పెద్దలకు ఈ ఉపాయం బాగా తెలుసు.

ఇక నమాజు సంగతి. సెలవుల తరువాత తిరిగి వచ్చిన మదరసా పిల్లలను దారిలో నమాజులు ఎలా చేశారని అడిగితే సగం మంది తలలు వంచుకుంటారు. కావున ఒక ఉదాహరణతో హనఫీ ఫిఖ్హ్ ప్రకారం వివరిస్తాను. నెల్లూరులో కాపురమున్న దంపతులు. భార్య పుట్టిల్లు ఉదయగిరి. నాలుగు రోజులు అక్కడ ఉండి రావాలని సంకల్పించి, దారిలో ఆత్మకూరులో ఆగుతూ బయలుదేరారు. షరీఅత్ ప్రకారం సఫర్ దూరం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. ఆత్మకూరు అంత దూరం లేదు, ఉదయగిరి అంతకు మించి ఉంది. బయలుదేరినప్పుడు సంకల్పం ఉదయగిరికే కనుక నెల్లూరు ఊరి ఇళ్ళు దాటగానే వీరు ముసాఫిర్లు. ఆత్మకూరులో ఫూఫీ ఇంట జుహ్ర్ వేళ ఐతే విడిగా చేసుకునే ఫర్జ్ రెండే రకాతులు. మస్జిదులో స్థానిక ఇమాము వెనుక నిలబడితే మాత్రం ఆయనతో పాటు నాలుగూ పూర్తి చేయాలి. ఆత్మకూరు వరకే వచ్చి తిరిగి వెళ్ళే సంకల్పమైతే ఖస్ర్ లేదు.

ఇప్పుడు ఉదయగిరి చేరారు. భార్య తాను పుట్టి పెరిగిన ఇంట్లో ఎలా నమాజు చేయాలి? వివాహమై భర్త ఇంట శాశ్వతంగా స్థిరపడిన స్త్రీకి సాధారణంగా పుట్టిల్లు వతనె అస్లీగా మిగలదు. పదిహేను రోజులకన్నా తక్కువ ఉండే సంకల్పంతో అంత దూరం వచ్చింది కనుక ఆమె అక్కడ ముసాఫిరే. తల్లి పక్కనే ముసల్లా పరచుకుని నిలబడితే తల్లి నాలుగు రకాతులు చేస్తుంది, కుమార్తె రెండింటికి సలాము చెబుతుంది.

ఈ మసలా చెప్పినప్పుడు చాలామంది స్త్రీలు బాధపడతారు. మా అమ్మ ఇంట్లోనే నేను పరాయిదాన్నా అని అడుగుతారు. దైవప్రవక్త (స) తాము పుట్టిన మక్కాకు చివరి హజ్జ్ కొరకు వచ్చినప్పుడు, మదీనా నుండి బయలుదేరి తిరిగి చేరేవరకూ రెండేసి రకాతులే చేశారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. అక్కడ వారు గడిపినవి పది రోజులు. పుట్టిన ఊరి మీది ప్రేమ వారికి తక్కువై కాదు. మక్కాను విడిచి వెళ్ళేటప్పుడు ఆ నగరాన్ని ఉద్దేశించి వారు ఎంత ప్రేమగా మాట్లాడారో సీరత్ చదివినవారికి తెలుసు. రకాతుల లెక్క వేరు, పుట్టింటి హక్కు వేరు. ఆస్తిలో ఆమె వాటా, అన్నదమ్ముల ఇంట ఆమె గౌరవం ఖస్ర్ కావు. వాటిని సగం చేసేవారు, పూర్తిగా ఎగవేసేవారు మన మధ్య ఎందరున్నారో ఆడబిడ్డలకు తెలుసు.

ఒక కొత్త సంగతి కూడా ప్రస్తావించాలి. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీ శక్తి పథకం క్రింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు టికెట్టు ధర లేదు. చార్జీ డబ్బుల కోసం భర్తను అడగలేక ఏళ్ళ తరబడి పుట్టింటి ముఖం చూడని పేద స్త్రీలకు ఇది నిజమైన ఊరట. సఫర్ దూరానికి స్త్రీ మహ్రమ్ లేకుండా ప్రయాణించరాదన్న నియమం తెలిసిందే. నెల్లూరు నుండి ఉదయగిరికి ఆ దూరం ఉంది. ఆత్మకూరు నుండి లేదు. ఐతే ఈ నియమాన్ని ఆమెను ఇంట్లో కూర్చోబెట్టడానికి వాడుకునే భర్తలూ, అన్నదమ్ములూ ఒక్క మాట ఆలోచించాలి. మహ్రమ్ తోడు ఆమె మీద వేసిన భారం మాత్రమే కాదు, మన మీద ఆమెకు ఉన్న హక్కు. ఆమె టికెట్టు ఖర్చు లేనేలేదు. తోడు వెళ్ళే అన్నకు ఒక్క టికెట్టు, ఒక్క రోజు సెలవు. అంతకు మించి ఏమడిగింది ఆమె?

ప్రయాణం కష్టంలో ఒక భాగమనీ, పని పూర్తి కాగానే త్వరగా ఇంటివారి వద్దకు చేరుకోవాలనీ హదీసు. కావున తిరుగు ప్రయాణంలో ఉదయగిరి నుండి వేళకే బయలుదేరడం మంచిది. వెళ్ళేటప్పుడు ఫూఫీ వీలుపడదని చెప్పి ఉంటే, వచ్చేటప్పుడు మళ్ళీ ఒకసారి ఫోను చేసి అడగండి. నానీ కట్టి ఇచ్చిన మూటలో ఆమెకూ ఒక వాటా తీసి పెట్టండి. అస్ర్ వేళకు ఆత్మకూరు చేరితే మగవారు మస్జిదుకు వెళ్ళవచ్చు, ఆడవారు ఆమె గదిలోనే రెండు రకాతులు చేసుకోవచ్చు. టీ పెడతానంటే పెట్టనివ్వండి, పాలు ఉన్నాయా లేవా అని మాత్రం అడగకండి. పాలు లేకుండా ఇచ్చినా త్రాగండి.